పాత ఆర్కేడ్ క్యాబినెట్ దొరికితే ముందు వెనక తలుపు తీయండి

పాత వీడియో గేమ్ క్యాబినెట్‌ను ఇంట్లో ఆడుకునేలా మార్చాలనుకుంటే, లోపలి వైర్లు పీకేయకముందే గేమ్ బోర్డుకు తగిలించిన కనెక్టర్ చూడండి. పక్కకు 28 చొప్పున మొత్తం 56 పిన్నులుంటే అది చాలావరకు జామ్మా అనే వైరింగ్ పద్ధతి. 1985లో జపాన్‌లో వచ్చిన ఈ పద్ధతిలో స్క్రీన్, స్పీకర్, జాయ్‌స్టిక్, బటన్లు, కరెంటు అన్నీ ఆ ఒక్క కనెక్టర్‌లోంచే వెళ్తాయి. గేమ్‌లు నడిపే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ని దీనికి కలిపే జామ్మా అడాప్టర్ కొంటే వైరింగ్ దాదాపు ముట్టుకోనక్కర్లేదు.

పాత పిక్చర్ ట్యూబ్ పనిచేస్తుంటే ఉంచేయండి. ఆ కాలం గేమ్‌లు దాని మీదే అందంగా కనిపిస్తాయి. కాకపోతే వీటిలో ఎక్కువ భాగం 15 కిలోహెర్ట్జ్ మానిటర్లు. మామూలు కంప్యూటర్ వీజీఏ సిగ్నల్ 31 కిలోహెర్ట్జ్, నేరుగా ఇస్తే బొమ్మ నిలవదు. అందుకే అడాప్టర్ 15కి సపోర్ట్ చేస్తుందో లేదో కొనేముందే అడగండి.

ట్యూబ్ విషయంలో మాత్రం సాహసాలొద్దు. ప్లగ్ తీసేశాక కూడా అందులో వేల వోల్టుల చార్జ్ మిగిలి ఉండొచ్చు. పైనున్న రబ్బరు మూతను ముట్టుకోకండి. ట్యూబ్ తీయాల్సి వస్తే పాత టీవీ మెకానిక్‌ని పిలవండి, ఇంకా దొరుకుతున్నారు.

ట్యూబ్ పోయిందా? 4:3 ఎల్‌సీడీ మానిటర్ చాలు, వైడ్‌స్క్రీన్ అక్కర్లేదు. ప్యాక్‌మ్యాన్ లాంటి నిలువు స్క్రీన్ గేమ్‌లే ఎక్కువగా ఆడేట్టయితే దాన్ని నిలువుగా బిగించండి. బటన్లు సరిగా పడకపోతే కిందుండే చిన్న స్విచ్ (మైక్రోస్విచ్) ఒక్కటి మారిస్తే సరి, జాయ్‌స్టిక్ సెట్ మొత్తం కొనకండి.