మధురపూడిలో విమానం ఆలస్యమైతే ఏం అడగాలి, ఎలా అడగాలి?

కోనసీమ వాళ్లం పుట్టడమే దీవిలో పుడతాం. అటు గౌతమి, ఇటు వసిష్ఠ, కింద సముద్రం. విమానం ఎక్కాలంటే చీకటితోనే లేచి, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి, రాజమండ్రి అవతల మధురపూడి దాకా పోవాలి. తీరా వెళ్లాక బోర్డు మీద టైము మారిపోయి ఉంటుంది. సంక్రాంతి ముందు మంచు పట్టే రోజుల్లో ఇది మామూలే. అప్పుడు కౌంటర్ మీద పడి అరవడం కంటే రూలు పేరు చెప్పి అడగడం మేలు. ఆ రూలు డీజీసీఏది, అంటే విమాన కంపెనీల మీద అజమాయిషీ చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థది.

అసలు పని టికెట్ తీసేటప్పుడే మొదలవుతుంది. మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి. ఏజెంట్ తన నంబరు పెడితే రద్దు మెసేజ్ ఆయనకి పోతుంది. సరైన నంబరు ఇవ్వని ప్రయాణికుడికి పరిహారం లేదు.

రాజోలు, మలికిపురం వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. చౌకగా వస్తుందని రాజమండ్రి నుంచి హైదరాబాద్‌కి ఒక టికెట్, అక్కణ్నుంచి మస్కట్‌కి వేరే టికెట్ తీస్తారు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఆ రెండో కంపెనీ లెక్కలో మీరు రాలేదంతే. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తర్వాతి విమానం చూపించమని గట్టిగా అడగొచ్చు. నన్నడిగితే పొదుపు ఇంకెక్కడైనా చేసుకోండి, ఇక్కడ వద్దు.

ఎయిర్‌పోర్టులో టైముకి చెకిన్ అవ్వండి. ప్రయాణం రెండున్నర గంటల లోపుదైతే (హైదరాబాద్ గంటా చిల్లరే), ఆలస్యం రెండు గంటలు దాటితే తిండి, టీ విమాన కంపెనీయే పెట్టాలి. అయితే అడగందే రాదు. ఓసారి నా పక్కన ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చున్నారు. మూడు గంటలైంది. "టిఫిన్ కూపన్ ఇస్తారండీ, అడగండి" అన్నాను. "మంచు పడితే వాళ్లేం చేస్తారు బాబూ" అన్నారావిడ. మంచైనా సరే, అడిగి చూద్దామని చెప్పి, ఇద్దరం వెళ్లి అడిగితే కూపన్లు వచ్చాయి.

ఆలస్యం ఆరు గంటలు మించితే వేరే విమానమో, పూర్తి డబ్బు వాపసో కోరుకోవచ్చు. రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 లోపు బయలుదేరాల్సింది ఆరు గంటలు మించినా, ఏ వేళదైనా 24 గంటలు మించినా హోటల్ గది వాళ్లదే.

చాలామంది పొరబడేది నగదు దగ్గర. ఉత్త ఆలస్యానికి నగదు పరిహారం లేదు. రద్దు చేసి, ఆ సంగతి 24 గంటల ముందైనా చెప్పకపోతే ఉంది. గంట లోపు ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటల దానికి 7,500, ఆపైన 10,000 రూపాయలు. లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపినంత. రెండింట్లో ఏది తక్కువైతే అది. అంటే ఆ రెండూ కలిపి 3,200 అయితే మీకొచ్చేది 3,200 మాత్రమే. వాతావరణం, ఏటీసీ (విమానాల రాకపోకల్ని నడిపించే కంట్రోల్) కారణమైతే అదీ రాదు.

అందుకే కారణం ఏమిటో రాతపూర్వకంగా అడగండి, మెసేజ్ అయినా చాలు. మంచు అన్నారా, బోర్డుని ఫోటో తీయండి. అదే వేళకి ఇంకో కంపెనీ విమానం లేచి ఉంటే ఆ ఫోటో తర్వాత పనికొస్తుంది. బోర్డింగ్ పాస్, తిండికీ ఆటోకీ పెట్టిన బిల్లులు పారేయకండి.

ఫిర్యాదు ముందు కంపెనీకే పెట్టి, నంబరు తీసుకోండి. కదలకపోతే ప్రభుత్వం వారి ఎయిర్‌సేవ యాప్‌లో, ఆ తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో. ఆఖరుది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఢిల్లీలో ఉందని ఢిల్లీ పోనక్కర్లేదు. చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.