మందుల షాపు: లైసెన్సు నుంచి తనిఖీ దాకా

మందుల చట్టం కేంద్రానిది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 1945 నాటి రూల్స్ దేశమంతటికీ ఒకటే. అయితే లైసెన్సు ఇచ్చేదీ, తనిఖీకి వచ్చేదీ, నోటీసు ఇచ్చి లైసెన్సు రద్దు చేసేదీ రాష్ట్రం. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఈ పని చూసేది ఆయా రాష్ట్రాల ఔషధ నియంత్రణ శాఖ. కౌంటర్ దగ్గరికి వచ్చే ఇన్‌స్పెక్టర్ అడిగేవన్నీ చివరికి రెండు ప్రశ్నలకే వస్తాయి: ఈ మందు ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరి చేతుల మీదుగా ఎవరికి వెళ్ళింది? ఈ రెండింటికీ కాగితం చూపించగలిగే షాపుకు చాలావరకు ఇబ్బంది ఉండదు.

గది, దరఖాస్తు

అద్దె అగ్రిమెంటు రాసుకోవడానికి ముందే టేపు పట్టి గది కొలవండి. రిటైల్ షాపుకు కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి, అంటే దాదాపు 108 చదరపు అడుగులు. 9 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవున్న గది ఈ అంచు మీద నిలుస్తుంది. మూలన ఒక స్తంభం ఉన్నా కొలత తగ్గిపోతుంది. ఇంటి యజమాని చెప్పే లెక్కలో గోడల మందం, షట్టర్ బయటి అరుగు కూడా కలిసి ఉంటాయి. మీరు లోపలి కొలతే చూసుకోండి, 120 చదరపు అడుగులకు తగ్గకుండా తీసుకోండి. అదే గదిలో హోల్‌సేల్ కూడా చేయాలనుకుంటే 15 చదరపు మీటర్లు కావాలి.

రిటైల్‌కు రెండు లైసెన్సులు తీసుకుంటారు. ఫారం 20 మామూలు మందులకు. ఫారం 21 రూల్స్‌లోని షెడ్యూల్ (మందుల జాబితా) సి, సి(1)లోని మందులకు, అంటే ఇన్సులిన్, వ్యాక్సిన్లు, సీరమ్‌ల వంటివాటికి. రెండింటికీ దరఖాస్తు ఫారం 19లోనే. ఫీజు ఒక్కోదానికి 1,500 రూపాయల చొప్పున మొత్తం 3,000. దరఖాస్తుతో పాటు గది ప్లాను, అద్దె అగ్రిమెంటు లేదా సొంత ఆస్తి పత్రం, ఫార్మాసిస్ట్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఆయన నియామక పత్రం, అంగీకార పత్రం, ఫ్రిజ్ బిల్లు, భాగస్వామ్యమైతే డీడ్ సిద్ధంగా పెట్టుకోండి. అగ్రిమెంటులో డోర్ నంబర్ ఒకలా, ప్లానులో మరోలా ఉంటే ఫైలు వెనక్కి వస్తుంది. కాబట్టి అన్ని కాగితాల మీదా అక్షరం తేడా లేకుండా ఒకే చిరునామా రాయండి.

లైసెన్సు చేతికి రాకముందు స్టాకు దించకండి. లైసెన్సు లేకుండా మందులు అమ్మితే, అమ్మకానికి పెట్టినా సరే, కనీసం 3 ఏళ్ళ జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా ఉన్న నేరం అది. ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టేసుకుని, ఇన్‌స్పెక్షన్ అయిపోయింది కదా అని అల్మారాలు నింపేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

2017 అక్టోబరులో వచ్చిన సవరణ తర్వాత లైసెన్సుకు గడువు తేదీ లేదు. రెన్యువల్ బదులు ప్రతి 5 ఏళ్ళకోసారి రిటెన్షన్ ఫీజు, అంటే లైసెన్సును కొనసాగించుకునే ఫీజు కట్టాలి. మరిచిపోతే నెలకు 2 శాతం అపరాధ రుసుము, అంటే రెండు లైసెన్సులకూ కలిపి నెలకు 60 రూపాయలు. అది చిన్న మొత్తమే. అసలు ప్రమాదం ఏమిటంటే, 6 నెలలు దాటితే లైసెన్సు రద్దయినట్టే లెక్క. ఆ తర్వాత అమ్మిన ప్రతి మందూ లైసెన్సు లేకుండా అమ్మినట్టే. ఫీజు కట్టాల్సిన తేదీని లైసెన్సు ఫ్రేము పక్కనే రాసి పెట్టుకోండి.

ఫార్మాసిస్ట్

చట్టమంతా ఆధారపడింది ఈ ఒక్క మనిషి మీద. చీటీ మీద ఇచ్చే మందు రిజిస్టర్డ్ ఫార్మాసిస్ట్ చేత్తో గానీ, ఆయన స్వయంగా దగ్గరుండి చూస్తుండగా గానీ ఇవ్వాలి. సర్టిఫికెట్ అద్దెకు తీసుకుని గోడకు తగిలించి, మనిషి మరో ఊళ్ళో ఉద్యోగం చేసుకునే పద్ధతి మన దగ్గర పాతుకుపోయింది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. రక్తం పలచబడే మందు వాడే ముసలాయనకు నొప్పుల మాత్ర ఇవ్వబోతుంటే ఆపవలసినది ఆ మనిషే. ఆయన లేని కౌంటర్ దగ్గర ఆపేవాళ్ళు ఉండరు.

ఉదయం 8 నుంచి రాత్రి 10 దాకా షాపు తెరిచి ఉంచితే అది 14 గంటలు. ఒక్క మనిషి ఆ పని చేయలేడు. ఇద్దరిని పెట్టుకోండి, లేదా షాపు వేళలు కుదించండి. ఫార్మాసిస్ట్ సెలవు పెట్టిన పూట చీటీ మందులు ఇవ్వడం ఆపేయాలి. ఫార్మాసిస్ట్ మారితే నెల రోజుల్లోపు లైసెన్సింగ్ అధికారికి తెలియజేయాలి. పాతాయన రాజీనామా, కొత్తాయన అంగీకార పత్రం ఒకేసారి పంపండి. భాగస్వాములు మారితే పాత లైసెన్సు గరిష్ఠంగా 3 నెలలే చెల్లుతుంది, ఆలోపు కొత్తది తీసుకోవాలి.

చీటీ, రిజిస్టరు

చీటీ చేతికి రాగానే చూడవలసినవి: డాక్టర్ సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు మొత్తం ఎంత, మోతాదు ఎంత. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ కూడా చూడండి. ఊళ్ళలో డాక్టర్ డిగ్రీ లేకుండా వైద్యం చేసే ఆర్‌ఎంపీలు, పీఎంపీలు రాసే చీటీలు ఈ రూల్స్ కింద చెల్లవు. అవి చూసి యాంటీబయాటిక్ ఇస్తే చీటీ లేకుండా ఇచ్చినట్టే.

మళ్ళీ వాడమని డాక్టర్ రాస్తే తప్ప ఒక చీటీకి ఒక్కసారే మందు ఇవ్వాలి. ఇచ్చాక చీటీ మీద షాపు పేరు, చిరునామా, తేదీ వేయాలి. ఈ స్టాంపు వేయని షాపులే ఎక్కువ. నిద్రమాత్రల చీటీ ఒకటే పట్టుకుని నాలుగు షాపులు తిరిగేవాళ్ళను పట్టించేది మాత్రం ఆ స్టాంపే.

చీటీలో బ్రాండు పేరు రాసి ఉంటే, లోపలి మందు అదే అయినా వేరే బ్రాండు ఇవ్వడానికి రూల్ ఒప్పుకోదు. జనరిక్ పేరు రాస్తే ఏ కంపెనీదైనా ఇవ్వవచ్చు.

చీటీ మీదే ఇవ్వవలసిన మందుల జాబితా షెడ్యూల్ హెచ్. అంతకంటే గట్టి నిఘా ఉన్న జాబితా షెడ్యూల్ హెచ్-1, దీనికి వేరే రిజిస్టరు ఉండాలి. 2014 మార్చి 1 నుంచి ఇది అమల్లో ఉంది. మొదటి జాబితాలో 46 మందులు: సెఫిక్సిమ్, సెఫ్‌పొడాక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్, ట్రమడాల్, కోడీన్, ఆల్ప్రజోలామ్, డయాజిపామ్, టీబీ మందులు వగైరా. స్ట్రిప్ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటే అది హెచ్-1. అమాక్సిసిలిన్, అజిత్రోమైసిన్ హెచ్‌లోవి. వాటికీ చీటీ తప్పనిసరి, కానీ ఈ రిజిస్టరు అక్కర్లేదు. డాక్టర్ పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం, ఇవన్నీ మందు ఇచ్చేటప్పుడే రాయాలి. రిజిస్టరును 3 ఏళ్ళు దాచాలి.

ఎక్కువగా దొరికిపోయేది ఇక్కడే. రాత్రి షట్టర్ దించాక రోజు లెక్కంతా ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీలో, ముగ్గురు డాక్టర్ల పేర్లు తిప్పి తిప్పి రాస్తారు. ఇన్‌స్పెక్టర్ చేసే పని సులువే. పంపిణీదారు బిల్లుల్లో ఆల్ప్రజోలామ్ 40 స్ట్రిప్పులు కొన్నట్టుంది, అల్మారాలో 6 ఉన్నాయి, రిజిస్టరులో 12 అమ్మినట్టుంది. మిగతా 22 ఎక్కడ? దీనికి జవాబు దొరకదు. నెలకోసారి కొన్నది, అమ్మినది, మిగిలినది మీరే సరిచూసుకుంటే ఆ తేడా మీకే ముందు కనబడుతుంది.

టీబీ మందులు ఇస్తే ఇంకో బాధ్యత కూడా ఉంది. 2018 మార్చి నాటి కేంద్ర ప్రకటన ప్రకారం ఆ రోగి వివరాలు జిల్లా టీబీ అధికారికి గానీ, ప్రభుత్వ టీబీ వెబ్‌సైటు నిక్షయ్ పోర్టల్‌లో గానీ తెలపాలి. కీటమిన్ వంటి, ఇంకా కఠినమైన నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందులకు విడిగా ఫారం 20ఎఫ్ లైసెన్సు, తాళం వేసే అల్మారా, రెండు ప్రతుల చీటీ కావాలి. పెద్దాసుపత్రి పక్కన లేని షాపు వాటి జోలికి వెళ్ళకపోవడమే మంచిది.

అల్మారా, ఫ్రిజ్, ధర

గడువు నెల, సంవత్సరంగా ఉంటే ఆ నెల చివరి రోజు దాకా అమ్మవచ్చు. గడువు దాటినవి అమ్మే సరుకుతో కలవకూడదు. పంపిణీదారుకు తిప్పి పంపేదాకా వాటిని వేరే అట్టపెట్టెలో పెట్టి, పైన ‘అమ్మకానికి కాదు’ అని పెద్దక్షరాల్లో రాయండి. అలా రాయని పెట్టె దొరికితే అది అమ్మకానికి ఉంచిన సరుకుగానే లెక్కలోకి వస్తుంది. గడువుకు 3 నెలల ముందే వాటిని పక్కకు తీస్తే వాపసు కూడా తేలిక. డాక్టర్లకిచ్చే శాంపిళ్ళు, ప్రభుత్వ సరఫరా, ఈఎస్ఐ ముద్ర ఉన్న మందులు అమ్మడమే కాదు, షాపులో ఉంచడమే తప్పు.

స్ట్రిప్ కత్తిరించేటప్పుడు బ్యాచ్ నంబర్, గడువు ఉన్న చివరను షాపులోనే ఉంచి అవతలి చివర నుంచి కత్తిరించండి. లేకపోతే మిగిలిన ముక్క ఏ బ్యాచో చెప్పలేరు. విడి మాత్రల ధర స్ట్రిప్ ధరకు లెక్క ప్రకారమే ఉండాలి. 10 మాత్రలు 52 రూపాయలైతే 3 మాత్రలకు 15.60, అంతకు మించి తీసుకోకూడదు.

ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తలుపు మీద కనిపించే అంకెను నమ్మకుండా లోపల ఒక థర్మామీటర్ పెట్టి రోజుకు రెండుసార్లు రాయండి. ఇన్సులిన్‌ను ఫ్రీజర్ అరకు ఆనించి పెడితే గడ్డకట్టి పాడవుతుంది. కరిగాక చూడటానికి బాగానే ఉంటుంది, పనిచేస్తుందన్న నమ్మకం మాత్రం ఉండదు. వేసవిలో కరెంటు పోయే ఊళ్ళలో ఇన్వర్టర్ తప్పనిసరి ఖర్చు అనుకోండి.

తనిఖీ వచ్చిన రోజు

ఫారం 35 తనిఖీ పుస్తకం, కొనుగోలు బిల్లులు, హెచ్-1 రిజిస్టరు ఒకేచోట ఉంచండి. ఇన్‌స్పెక్టర్ నమూనా తీసుకుంటే దానికి తగిన ధర మీకు ఇవ్వజూపాలి, నమూనా తీసుకున్నట్టు తెలిపే ఫారం 17 ఇవ్వాలి. నమూనాను నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. మీ ముద్ర కూడా వేసే హక్కు మీకుంది, తప్పకుండా వేయండి. ఒక భాగం మీకే ఇస్తారు. దాన్ని విప్పకుండా, అసలు మందును ఉంచే వేడిమిలోనే దాచండి.

ఆ మందు నాసిరకమని రిపోర్టు వస్తే, దాన్ని సవాలు చేయదలచుకున్నట్టు రాతపూర్వకంగా తెలపడానికి రిపోర్టు అందిన రోజు నుంచి 28 రోజులే గడువు. మందు ఎవరి దగ్గర కొన్నారో అడిగితే పేరు, చిరునామా, బిల్లు ఇవ్వాలి. లైసెన్సున్న పంపిణీదారు దగ్గర బిల్లుతో కొన్నారని, షాపులో సరిగా నిల్వ చేశారని, లోపం మీకు తెలిసే వీలు లేదని, కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచారని చూపగలిగితే చట్టంలోని 19(3) సెక్షన్ మిమ్మల్ని కాపాడుతుంది. ఎక్కువ డిస్కౌంట్ ఇస్తానని బిల్లు లేకుండా సరుకు దించేవాడి దగ్గర కొన్నవారికి ఈ రక్షణ ఉండదు.

షోకాజ్ నోటీసు వస్తే గడువులోపు రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఏ లోపం చూపారో దాన్ని సరిదిద్దిన రుజువు జతచేయండి: కొత్త ఫార్మాసిస్ట్ పత్రం, రిజిస్టరు ప్రతి, ఫ్రిజ్ ఫొటో ఏదైనా. అంతా చేసినా లైసెన్సు సస్పెండ్ చేస్తే, లేదా రద్దు చేస్తే, ఉత్తర్వు తేదీ నుంచి 3 నెలల్లోపు రాష్ట్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు.