చిగుళ్ళ నుంచి రక్తం, పళ్ళు కదలడం, నోటి వాసన: ఎందుకొస్తాయి, ఏం చెయ్యాలి

మన ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పన్ను సలిపితే గానీ ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళరు, చిగుళ్ళ జబ్బుకేమో చాలాకాలం అసలు నొప్పే ఉండదు, చిక్కంతా అక్కడే. అందుకే కింద చెప్పినవాటిలో మీకేది ఉందో ఈరోజే అద్దంలో చూసుకోండి.

బ్రష్ చేసి ఉమ్మితే రక్తం పడుతోంది

కారణం: చిగురు అంచున పాచి పేరుకుని చిగురు వాచింది. అది అలాగే ఉండిపోతే గట్టిపడి గార కడుతుంది, గార ఎంత తోమినా పోదు.

పరిష్కారం: రక్తం వస్తోందని చాలామంది ఆ పక్క తోమడమే మానేస్తారు, దయచేసి మానొద్దు, మానితే పాచి పెరిగి రక్తం ఇంకా ఎక్కువవుతుంది. మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు, పొద్దున్నా రాత్రి పడుకునే ముందూ రెండేసి నిమిషాలు, బ్రష్‌ని చిగురు అంచు వైపు కొంచెం వాల్చి మెల్లగా తోమండి. రెండు వారాలైనా రక్తం ఆగకపోతే క్లీనింగ్ చేయించుకోండి.

రక్తం రాదు, కానీ చిగురు కిందికి దిగి పళ్ళు పొడుగ్గా కనిపిస్తున్నాయి

మన దగ్గర ఎక్కువ చూసేది ఇదే. బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవాళ్ళకి నికోటిన్ వల్ల రక్తనాళాలు కుంచించుకుపోయి జబ్బు ఉన్నా రక్తం తక్కువ వస్తుంది, దాంతో నాకేం లేదులే అనుకుంటారు. ఇక గుడాకు. పొద్దున్నే వేలితో గుడాకు రుద్దితే పళ్ళు శుభ్రమవుతాయని, రుద్దకపోతే దొడ్డికి రాదని ఆడవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి వాడతారు, అది పొగాకూ బెల్లమూ కలిపిన ముద్ద, శుభ్రం చేసేదేం లేదు, అలవాటు పడ్డ ఒంటికి నికోటిన్ కావాలి అంతే. ఖైనీ అయితే దవడలో పెట్టుకున్న చోటే చిగురు దిగిపోతుంది. అత్తకో మామ్మకో ఈ అలవాటుంటే కోప్పడకండి, కూర్చోబెట్టి చెప్పండి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు.

పళ్ళు కదులుతున్నాయి, చీము, వాసన

కారణం: పన్నుని పట్టుకున్న ఎముక కరుగుతోంది. షుగర్ అదుపులో లేకపోతే ఇది త్వరగా ముదురుతుంది, చిగుళ్ళలో ఇన్‌ఫెక్షన్ ఉంటే షుగర్ కూడా తొందరగా అదుపులోకి రాదు.

పరిష్కారం: మెడికల్ షాపులో అడిగి బిళ్ళలు వేసుకుంటే నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, లోపలి గార అలాగే ఉంటుంది కాబట్టి మళ్ళీ వస్తుంది. చిగురు లోపలిదాకా శుభ్రం చెయ్యాలి, మూడు నెలల సగటు షుగర్ చెప్పే HbA1c రక్త పరీక్ష చేయించుకోవాలి. క్లీనింగ్ చేస్తే పళ్ళు వదులైపోతాయని మనవాళ్ళకి గట్టి భయం. నిజానికి పళ్ళు అప్పటికే వదులై ఉంటాయి, గార అడ్డుగా ఉండి తెలియదు, తీసేసరికి సందులు బయటపడతాయి, కొన్నాళ్ళు చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుంది, తర్వాత తగ్గుతుంది. కరిగిన ఎముక చాలావరకు తిరిగి రాదు కానీ మిగిలింది నిలబెట్టుకోవచ్చు, అందుకే ఆలస్యం చెయ్యొద్దంటున్నా.

చిగుళ్ళు ఉబ్బి పళ్ళ మీదకి పెరుగుతున్నాయి

ఆమ్లోడిపిన్ లాంటి బీపీ బిళ్ళలు, ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ వల్ల కొందరికి ఇలా అవుతుంది. మందు మీరే ఆపెయ్యొద్దు, రాసిన డాక్టరుకి చెప్పండి. కడుపుతో ఉన్నవాళ్ళకీ చిగుళ్ళు వాస్తాయి, క్లీనింగ్ భయం లేకుండా చేయించుకోవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్య ఇంకా సుఖం.

వెంటనే వెళ్ళాల్సినవి

రెండు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, ముఖ్యంగా గుట్కా, వక్క నమిలేవాళ్ళకి, అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలకి. ముఖం వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా అదే రోజు వెళ్ళాలి.

ఒడియాలో చెప్పుకోలేని పెద్దవాళ్ళకి ఇంట్లోంచి ఎవరైనా తోడెళ్ళండి, వాడే బిళ్ళల అట్టలు, షుగర్ రిపోర్టు పట్టుకెళ్ళండి, గుడాకు సంగతి డాక్టరు దగ్గర దాచకండి.