సవరం కొనేముందు వెంట్రుకను పరీక్షించడం ఎలా

మెరుపు చూసి సవరం కొనకండి. సిలికాన్ పూస్తే ఏ జుట్టయినా మెరుస్తుంది. చూడాల్సింది వెంట్రుకల కుదుళ్లన్నీ ఒకే వైపు ఉన్నాయా లేదా అన్నదే.

వెంట్రుక పైపొర క్యూటికిల్. అందులో పొలుసులు ఇంటి పెంకుల్లా ఒకదానిమీదొకటి ఎక్కి, అంచులు కొసవైపు తిరిగి ఉంటాయి. అందుకే కుదురు నుంచి కొసకు నిమిరితే వేలు జారుతుంది, ఎదురు నిమిరితే పట్టేస్తుంది.

కట్టు నుంచి ఐదారు వెంట్రుకలు తీసి, ప్రతిదానికీ కట్టు వైపున్న చివర చిన్న ముడి వేయండి. వేళ్లకు నూనె, తడి ఉండకూడదు. ఒక్కొక్క వెంట్రుకనూ మధ్యలో బొటనవేలు, చూపుడువేళ్లతో పట్టుకుని, వేళ్లను దాని పొడవునా ముందుకూ వెనక్కూ రుద్దండి. వెంట్రుక కుదురు వైపుకు పాకుతుంది. అన్నీ ముడి వైపుకే పాకితే మంచి సరుకు. కొన్ని అటు, కొన్ని ఇటు పోతే అది దువ్వెనకు వచ్చిన చిక్కు జుట్టు కలిపిన సవరం: ఎదురెదురు పొలుసులు ఒకదానికొకటి తగులుకుని తలస్నానంతో ఉండ కట్టేస్తుంది. అసలు ఎటూ పాకకపోతే పొలుసులను యాసిడ్‌తో తీసేసి సిలికాన్ పూసి ఉండొచ్చు. ఆ పూత కొన్ని తలస్నానాలకే పోతుంది. అనుమానముంటే ఒక పాయను షాంపూతో రెండు మూడుసార్లు కడిగి ఆరబెట్టి, మళ్లీ రుద్ది చూడండి.

తిరుమల తలనీలాలను టీటీడీ పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలంలో అమ్ముతుంది. అయితే 'తిరుపతి జుట్టు' అన్న మాట ఒక్కటే హామీ కాదు. గుండు గీశాక కుదుళ్లు కలిపి కట్టారా, కలగాపులగంగా పోశారా అన్నదాన్ని బట్టే నాణ్యత.

తర్వాత సాగుదల. బలం వెంట్రుక లోపలి పొర కార్టెక్స్‌లో ఉండే కెరటిన్ అనే ప్రొటీన్‌ది. ఒక వెంట్రుకను పావుగంట నీళ్లలో నానబెట్టి, స్కేలు మీద 10 సెం.మీ. గుర్తుపెట్టి, మెల్లగా 12 వరకు లాగి వదలండి. మళ్లీ నీళ్లలో వేస్తే దాదాపు 10కి రావాలి. జిగురులా సాగి అలాగే ఉండిపోయినా, సాగకుండా పుటుక్కున తెగినా బ్లీచ్ ఎక్కువైందని అనుమానించండి: బ్లీచ్‌లోని పెరాక్సైడ్ కెరటిన్‌లోని గంధకపు బంధాలను తెంచేస్తుంది.

కాల్చి చూడటం ప్లాస్టిక్‌ను పట్టుకోవడానికి మాత్రమే. ప్లాస్టిక్ కరిగి గట్టి పూస కడుతుంది. జుట్టు ఈకల వాసనతో ముడుచుకుపోయి వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. మేక వెంట్రుకా కెరటినే కాబట్టి అదీ ఈ పరీక్ష నెగ్గుతుంది. గ్లాసు నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా చూడటం దండగ, కాస్త నూనె ఉంటే ఏదైనా తేలుతుంది.

చివరగా మీ జుట్టు మందానికి సరిపోయేదే తీసుకోండి. వెంట్రుక రెట్టింపు మందమైతే వంగడానికి పదహారు రెట్లు మొండికేస్తుంది. అందుకే సన్నని జుట్టుకు మోటు సవరం పెడితే జడ అల్లినా అతుకు దగ్గర పొడుచుకొస్తుంది.