మోడ్‌లు చెవికి అందాలంటే ముందు ‘స’ మారాలి

కీబోర్డు మీద రెండు నల్ల మెట్ల గుంపుకు ఎడమ పక్కనే ఉన్న తెల్ల మెట్టు సి. అక్కణ్ణుంచి కుడికి తెల్ల మెట్లు వరసగా డి, ఇ, ఎఫ్, జి, ఏ, బి, మళ్లీ సి. అక్కణ్ణుంచి పై సి దాకా తెల్ల మెట్లే వాయిస్తే సి మేజర్ స్కేలు, అంటే శంకరాభరణం స్వరాలు. నల్లవి కూడా లెక్కలోకి తీసుకుంటే స్వరానికీ స్వరానికీ మధ్య దూరాలు 2, 2, 1, 2, 2, 2, 1. మొత్తం 12. స్కేలంటే ఈ దూరాల వరసే. జి నుంచి ఇదే వరస నడవండి: ఏడో స్వరం ఎఫ్ మీద కాక, దాని కుడి పక్క నల్ల మెట్టు ఎఫ్ షార్ప్ మీద పడుతుంది.

తడబాటంతా మోడ్‌ల దగ్గరే. మోడ్ అంటే అవే మెట్లను ఉంచి, వేరే మెట్టును ‘స’గా తీసుకుంటే వచ్చే స్కేలు. తెల్ల మెట్లను డి నుంచి డి దాకా వాయిస్తే డోరియన్ అని చదువుతారు, వాయిస్తారు, తేడా మాత్రం వినపడదు. చెవి ఇంకా సి నే షడ్జంగా, అంటే ‘స’గా, పట్టుకుని ఉంటుంది మరి! మొదలుపెట్టిన చోటు మారింది గానీ ఆధార స్వరం మారలేదు.

అందుకని ఎడమ చేత్తో కింది డి, ఏ మెట్లు నొక్కి పట్టండి. కుడి చేత్తో నెమ్మదిగా ఎక్కి దిగండి. ప్రతి చిన్న వరసనూ డి మీదే ముగించండి, సి దగ్గర ఆగొద్దు. కాసేపటికి డి ‘స’లా వినిపిస్తుంది. అప్పుడు మోగేవి ఖరహరప్రియ స్వరాలు. కర్ణాటక సంగీతంలో దీన్నే గ్రహభేదం అంటారు. స్వరస్థానాలు కలిసినంత మాత్రాన రాగం పలికినట్టు కాదు, దానికి గమకాలు, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే తీరులు, కావాలి.

ఇదే పద్ధతిలో ఇ మీద ఫ్రిజియన్ (తోడి), ఎఫ్ మీద లిడియన్ (కల్యాణి), జి మీద మిక్సోలిడియన్ (హరికాంభోజి), ఏ మీద నేచురల్ మైనర్ (నటభైరవి) వస్తాయి. బి మీది లోక్రియన్‌ను ప్రస్తుతానికి వదిలేయండి. బి నుంచి, నల్లవి కూడా కలిపి, ఏడు మెట్ల దూరంలో ఉండాల్సిన పంచమం (‘ప’) అందులో లేదు, ‘స’ నిలవదు.

తర్వాత సి నే పట్టి ఉంచి, ఒక్క స్వరం మార్చి పోల్చండి. మేజర్‌లో ఎఫ్ బదులు ఎఫ్ షార్ప్ వేస్తే లిడియన్, బి బదులు దాని ఎడమ పక్క నల్ల మెట్టు బి ఫ్లాట్ వేస్తే మిక్సోలిడియన్. మారిన స్వరం మీద కాస్త నిలిచి, సి కి తిరిగి రండి. మోడ్ రంగు అంతా ఆ ఒక్క స్వరంలోనే ఉంటుంది.