మీ చదువు కథ మీరే రాసుకోవడం ఎలా

పుస్తకం చేతికి తీసుకోగానే నిద్ర ముంచుకొస్తుందని చెప్పేవారిలోనూ, పంచాయతీ కార్యాలయానికి నాలుగు వరుసల అర్జీ రాయవలసి వస్తే పక్కింటి కుర్రవాణ్ణి పిలిచేవారిలోనూ డిగ్రీలు చదివినవారు తక్కువేమీ లేరు. తమకు ఆసక్తి లేదనో, తెలివి చాలదనో వారు సరిపెట్టుకుంటారు. కానీ మొదట కనిగిరి వైపు, తరువాత కావలి వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన నాకు, అటువంటివారిని కాస్త మాటల్లో పెట్టినప్పుడల్లా వెనకాల ఏదో ఒక తరగతి గది కనిపించింది. ఆ గదిలోకి మళ్లీ వెళ్లి, అక్కడ జరిగినదాన్ని కాగితం మీద పెట్టే పద్ధతి ఒకటి ఇక్కడ వివరిస్తున్నాను. ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవారికి, పిల్లల చదువు గురించి బెంగపడే తల్లిదండ్రులకు, బడి వదిలి చాలాకాలమైనా రాయాలన్న కోరిక చావనివారికి ఇది పనికొస్తుంది. దీనికి మూడు సాయంత్రాలు, ఒక నోటు పుస్తకం చాలు.

మొదటి సాయంత్రం వాక్యాలు రాయకండి. "నాకు చిన్నప్పటి నుంచి పుస్తకాలంటే ప్రాణం" అని మొదలుపెట్టామంటే, ఆ తరువాత గుర్తొచ్చేవన్నీ ఆ వాక్యానికి సాక్ష్యం చెప్పడానికే వస్తాయి, మిగిలినవి బయటే ఉండిపోతాయి. అందుకని వస్తువుల పేర్లు మాత్రమే రాయండి. పలక, దాన్ని తుడిచిన దొండాకు, పెద్దబాలశిక్ష, వార్తాపత్రిక కాగితంతో అట్ట వేసిన వాచకం, అన్న నుంచి వచ్చిన చిరిగిన గైడు, చూచివ్రాత పుస్తకం, ఉక్తలేఖనంలో తప్పుకు పది సార్లు రాసిన మాట. ఒక్కొక్క వస్తువు పక్కన అది ఎక్కడ ఉండేదో, ఎవరి చేతిలో ఉండేదో రాయండి. ఈ రెండో వివరమే ముఖ్యం. నా పట్టికలో ప్రధానోపాధ్యాయుల గదిలోని ఆకుపచ్చ ఇనుప బీరువా ఉంది. దానికి అద్దాల తలుపులు. తాళంచెవి గుమాస్తా దగ్గర, గుమాస్తా సెలవులో. ఆ గది బయట నిలబడవలసి వచ్చినప్పుడల్లా అద్దంలోంచి పుస్తకాల వీపుల మీది పేర్లు చదువుకునేవాణ్ణి. పాఠాలకు బయట నేను చదివిన మొదటి అక్షరాలు అవే. 2020లో ఆంధ్రప్రదేశ్ పాఠశాల విద్యాశాఖ 'చదవడం మాకిష్టం' అనే కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు నేను మా బడిలో మొదట అడిగిన ప్రశ్న, తాళంచెవి ఎవరి దగ్గర ఉందని.

రెండో సాయంత్రం ఆ పట్టికలోంచి ఒక్క వస్తువును ఎంచుకోండి. గొప్ప సంఘటన అక్కరలేదు, కళ్లు మూసుకుంటే ఇప్పటికీ కనిపించేది చాలు. దాని చుట్టూ ఒక పేజీకి మించకుండా ఒకే దృశ్యం రాయండి. అందులో చదివిన లేదా రాసిన మాటలు వీలైనంత ఉన్నవి ఉన్నట్లు ఉండాలి. ఎవరి గొంతు వినపడింది, మీ చేతులు, కళ్లు ఎక్కడ ఉన్నాయి, మరునాడు మీరు ఏం మానేశారు లేదా ఏం మొదలుపెట్టారు అన్నవి కూడా రావాలి. చివరి ప్రశ్నకు జవాబు దొరకకపోతే ఆ దృశ్యాన్ని వదిలేసి మరొకటి తీసుకోండి. మరునాటికి ఏమీ మార్చని సంఘటన చెప్పుకోవడానికి బాగుంటుంది గాని, ఈ పనికి ఉపయోగపడదు.

నమూనాగా నాది చెబుతాను. 1975 ప్రాంతం, ఏడో తరగతి, మా ఊరి తిరునాళ్ల మీద వ్యాసం. "మా నాయన నన్ను బుజానెక్కించుకోని పోతా ఉంటే కళ్లకి అంతా దీపాలే" అని రాశాను. పుస్తకం తిరిగి వచ్చేసరికి అది ఎర్ర సిరాతో "మా తండ్రిగారు నన్ను భుజముపై కూర్చుండబెట్టుకొని వెళ్లుచుండగా" అని మారింది. దీపాల ముక్కను పూర్తిగా కొట్టేశారు. అయ్యవారు రెండు వాక్యాలూ తరగతిలో పైకి చదివారు, అందరూ నవ్వారు. నా కళ్లు బల్ల మీద ఎవరో చెక్కిన పేరు మీద ఉన్నాయి. తరువాతి వ్యాసాన్ని "తిరునాళ్లు మన సంస్కృతికి దర్పణములు" వంటి గైడు వాక్యాలతో నింపాను. పదికి ఎనిమిది మార్కులు వచ్చాయి. ఆ తరువాత చాలా ఏళ్లపాటు నేను రాసినదాంట్లో మా నాయన లేడు, దీపాలూ లేవు.

దృశ్యం రాశాక, దాని కింద గీత గీసి, ఆ రోజు మీరు నేర్చుకున్న నియమాన్ని ఒకే వాక్యంలో రాయండి. నాది "ఇంటి మాట కాగితానికి పనికిరాదు". ఈ నియమాన్ని ఎవరూ నోటితో చెప్పి ఉండరు. అందుకే ఇది వ్యాకరణ సూత్రం కంటే గట్టిగా నాటుకుంటుంది. తెలుగు మాటలకు, మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకుంటున్నట్లుండే సంభాషణలకు పేరుపొందిన తిక్కన మా నెల్లూరివాడేనని గర్వంగా పాఠం చెప్పి, అదే పీరియడులో పిల్లవాడి "పోతా ఉండాడు"ను కొట్టేసే అయ్యవార్లను నేను చాలామందిని చూశాను. కొన్నాళ్లు నేనూ వారిలో ఒకణ్ణే.

చదవడానికి సంబంధించిన నియమాలు ఇంకా నిశ్శబ్దంగా పడతాయి. తరగతిలో వరుసగా ఒక్కొక్కరు ఒక్కొక్క పేరా చదివే పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లవాడు ముందున్నవారిని వేలితో లెక్కపెట్టుకుని, తన వంతుకు వచ్చే పేరా ఏదో కనిపెట్టి, దాంట్లోని ఒత్తులను పెదవులతో సాధన చేసుకుంటూ ఉంటాడు. అప్పటిదాకా కథలో ఏం జరిగిందో వాడి చెవిన పడదు, తన పేరా అయిపోయాక విడుదలైన సంతోషంలో మిగిలినదీ పడదు. చదవడమంటే దొరికిపోకుండా బయటపడడమని వాడికి అర్థమవుతుంది. వారంలో ఒక్క పీరియడు ఉపవాచకంలోని కథను తానే చదివి, సరిగ్గా తలుపు తెరుచుకునే చోట ఆపి గంట కొట్టించే ఉపాధ్యాయుడి తరగతిలో పడినవాడు వేరే రకం పాఠకుడవుతాడు. మీ దృశ్యం చదవడానికి సంబంధించినదైతే, మీ చెవి ఆ సమయంలో ఎక్కడ ఉందో తప్పక రాయండి.

పద్యాలు కంఠస్థం చేయించడాన్ని మాత్రం అందరితో కలిసి నేను తిట్టలేను. ఇరవై పద్యాలు నోటికి వచ్చినవాడికి పొడవైన వాక్యాన్ని ఎక్కడ పట్టుకుని ఎక్కడ దించాలో ఊపిరి చెబుతుంది. నష్టమంతా పద్యంతోపాటు వేరొకరు రాసిన భావాన్ని కూడా కంఠస్థం చేయించడంలో ఉంది. మీ నియమం ఈ రెండింటిలో దేని నుంచి పుట్టిందో విడదీసి చూసుకోండి.

మూడో సాయంత్రం సాక్షులను వెతకండి. పాత నోటు పుస్తకం దొరికితే అదృష్టమే. లేకపోతే ఆ తరగతిలో కూర్చున్న మరొకరికి మీ పేజీ చదివి వినిపించండి. మా ఊళ్లోనే పొగాకు సాగు చేసుకుంటున్న సహాధ్యాయికి నాది వినిపిస్తే, "నిన్ను జూసి కాదబ్బయా మేము నవ్వింది, అయివోరు 'వెళ్లుచుండగా' అని సాగదీసిన తీరుకి" అన్నాడు. నలభై ఏళ్లు మోసిన అవమానం ఒక్క మాటతో పక్కకు ఒరిగింది. అయినా మొదట రాసినదాన్ని కొట్టేయకండి, సాక్షి చెప్పినదాన్ని దాని పక్కనే రాసుకోండి. మిమ్మల్ని మలిచింది మీరు నమ్మిన కథే కదా. అలాగే ఆ ఉపాధ్యాయుణ్ణి దోషిగా నిలబెట్టే పని పెట్టుకోకండి, పేరు కూడా రాయకండి. మా అయ్యవారికి మా మాట మీద ద్వేషం లేదు, మేము పరీక్షలో తప్పుతామన్న భయం ఉంది.

ఇంటి బతుకు పాఠంలోకి వస్తే ఏమవుతుందో మా జిల్లాలోనే తెలిసింది. 1991లో నెల్లూరు జిల్లాలో మొదలైన అక్షరాస్యతా కార్యక్రమంలో, పగలంతా కూలికి పోయి రాత్రి వాచకం పట్టుకున్న ఆడవారికి సారాయి వల్ల ఇల్లు గుల్లవడం గురించిన పాఠం కూడా ఉండేది. ఆ జిల్లాలోని దూబగుంట అనే పల్లె మహిళలు పాఠంతో ఆగక తమ ఊళ్లో సారాయి అమ్మకాన్ని ఆపించారు. ఆ కథే మళ్లీ వాచకాల్లోకి ఎక్కి ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారాయిని, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని నిషేధించే వరకు ఆ కదలిక సాగింది. పెద్దవయసులో అక్షరాలు దిద్దిన ఆ అమ్మలకు, ఏడో తరగతి నాటికే నాకు పట్టిన నియమం పట్టలేదు. మీ పేజీ చదువుకున్నప్పుడు, మీ వాచకంలో మీ ఊరు, మీ ఇంటి పని ఎక్కడైనా కనిపించాయా అని ఒక ప్రశ్న వేసుకోండి. చాలామంది దగ్గర జవాబు ఉండదు. ఆ ఖాళీని కూడా నమోదు చేయండి.

ఆ తరువాత చేయవలసిన పని చిన్నది. నియమం ఎక్కడ పుట్టిందో అక్కడికే వెళ్లి, ఆ రోజు ఆగిపోయినదాన్ని కొనసాగించండి. కొట్టేసిన వాక్యాన్ని మళ్లీ రాసి దాని తరువాతి వాక్యం రాయండి. వరుస చదువులో చెవిన పడని కథను వెతికి మొత్తం చదవండి. రోజుకు పావుగంట చొప్పున నెలరోజులు చేసి చూడండి, మధ్యలో ఎవరికీ చూపించకండి.

ఉపాధ్యాయులు దీన్ని తరగతిలో చేయించదలిస్తే, ఎనిమిదో తరగతికి ముందు వద్దు. రాసినదాన్ని పైకి చదవమని ఎవరినీ బలవంతపెట్టవద్దు, మార్కులు అసలే వద్దు. దిద్దేటప్పుడు ఎర్ర సిరాను అక్షరదోషాలకే ఉంచి, ఇంటి మాట వచ్చిన చోట పెన్సిలుతో గీత గీసి, ఇదే మాటను కలెక్టరు గారికి అర్జీలో ఎలా రాస్తావో పక్కన రాయమనండి. రెండు తీర్లూ పుస్తకంలో ఉండనివ్వండి. అన్నిటికంటే ముందు, విషయం గురించి ఒక ప్రశ్న రాసి పుస్తకం తిరిగి ఇవ్వండి. "దీపాలు ఏ రంగువి? మీ నాయన ఏం కొనిపెట్టాడు?" అని మా అయ్యవారు అడిగి ఉంటే, ఆ రాత్రి లాంతరు దగ్గర నేను ఇంకో పేజీ రాసేవాణ్ణి. లక్కపిడత గురించి, అది దారిలో పగిలిపోవడం గురించి.