పాత కార్బురేటర్ పికప్‌లో పింగింగ్: చెయ్యి పెట్టేముందు జాగ్రత్తలు

అమెరికాలో ఎండలు ముదిరి, ట్రైలర్లు లాగే రోజులు వస్తున్నాయి. 1970, 80ల నాటి వీ8 పికప్ ఎక్సలరేటర్ తొక్కగానే డబ్బాలో గులకరాళ్లలా గలగలమంటుంటే, అదే పింగింగ్: సిలిండర్‌లో పెట్రోలు సాఫీగా మండక అదుపు తప్పి పేలడం. ముందు ఇవి చూసుకోండి.

– శబ్దం వినడానికని లోడుతో ఎత్తు ఎక్కించకండి. పింగింగ్ గట్టిగా, ఎక్కువసేపు సాగితే పిస్టన్ పగలొచ్చు, హెడ్ గాస్కెట్ పోవచ్చు. ప్లగ్గులు విప్పి చూడండి. పింగాణీ మీద మెరిసే అల్యూమినియం చుక్కలుంటే బండి ఇక నడపొద్దు.

– స్పార్క్ మరీ ముందే పడినా పింగ్ వస్తుంది. కానీ అది ఎప్పుడు పడుతుందో చూపే టైమింగ్ లైట్‌ను గుడ్డిగా నమ్మొద్దు. క్రాంక్ ముందున్న బ్యాలన్సర్‌లో (అదురు తగ్గించే చక్రం) రబ్బరు పాతబడి బయటి రింగ్ జారుతుంది. అప్పుడు దాని మీది టైమింగ్ గీతే తప్పు చూపిస్తుంది. ఒకటో పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు గీత సున్నా దగ్గరుందా? చాలామంది వదిలేసేది ఇదే.

– బానెట్ కింది స్టిక్కర్ చదవండి. చాలా బళ్లకు వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరిపేది) గొట్టం తీసి, మూసి, అప్పుడే బేస్ టైమింగ్, అంటే స్పార్క్ అసలు సెట్టింగ్ చూడాలి.

– పొగను కొంత ఇంజిన్‌లోకి తిప్పి పంపే ఈజీఆర్ వాల్వ్‌ను పాత ఓనరు మూసేశాడేమో చూడండి. ఆ పొగ రాకపోతే మంట వేడెక్కి, నిదానంగా వెళ్లేటప్పుడు కూడా పింగ్ వస్తుంది.

– కార్బురేటర్ కింది గాస్కెట్ లీకైతే గాలి ఎక్కువై పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది, దాంతోనూ పింగ్ వస్తుంది. వేడి ఇంజిన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి వెతకొద్దు, అంటుకుంటుంది.

– 87 ఆక్టేన్ (పింగింగ్‌ను తట్టుకునే శక్తికి కొలత) పెట్రోలు బదులు 91 పోస్తే శబ్దం తగ్గొచ్చు. అది పరీక్షే, రిపేరు కాదు.